మూడు రోజులు దాటితే చుట్టాలు కారు

ప్రశ్న: వందనాలు అక్కా. మాది మిషన్ కుటుంబం. మావారు, నేను, ఇద్దరు పిల్లలు. పాపకి 11, బాబుకి 7. మా మిషన్ వాళ్ళు ఏడాదికి రెండుసార్లు విదేశాల నుంచి 18, 20 ఏళ్ళ వాలంటీర్లని మూడేసి నెలలకి మా ఇంట్లో ఉండేలా పంపుతారు. పోయినసారి ఇద్దరమ్మాయిలు, ఒకబ్బాయి వచ్చారు. ఒకమ్మాయి బంగారం, మళ్ళీ వస్తానని ఇప్పటికీ మెసేజ్‌లు పెడుతోంది. రెండో అమ్మాయి నెల తిరక్కుండానే గదిలో తలుపేసుకుని కూర్చుంది. అబ్బాయి మాతో ఒక్క మాటైనా అనకుండా సంఘంలో ఒక కుర్రాడికి కొత్త ఫోను కొనిచ్చాడు, ఇప్పుడు మిగతా కుర్రాళ్ళు మావారిని నిలదీస్తున్నారు. వాళ్ళు వెళ్ళాక మా పాప చాలా రోజులు ముభావంగా ఉంది. జూన్‌లో నలుగురు వస్తున్నారట. నాకు ఇప్పట్నుంచే టెన్షన్. మావారితో అంటే, సణగకుండా ఆతిథ్యం చేయమని వాక్యం ఉంది కదా అంటారు. వద్దంటే నేను ప్రేమ లేనిదాన్నవుతానా?
ఒక సోదరి

సమాధానం:

చెల్లెమ్మా, వందనాలు. ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెప్పేస్తాను. అవరు. జూన్ బ్యాచ్‌కి వద్దని చెప్పండి. మెత్తగానే చెప్పండి కానీ ఈ వారమే చెప్పండి, ఎందుకంటే వాళ్ళు టిక్కెట్లు కొనుక్కున్నాక చెబితే అది నిజంగానే మాట తప్పినట్టవుతుంది. ఇక్కడి నుంచి నేను రాసేదంతా ఆ తర్వాత వచ్చే బ్యాచ్ గురించి. మీ ఉత్తరం చదివితే మీకు ఆ పిల్లలంటే విసుగని నాకేం అనిపించలేదు, ఇల్లు ఇల్లులా మిగలడం లేదన్నదే మీ బాధ.

మీవారు చెప్పిన వాక్యం ఉన్నమాట నిజం, పేతురు మొదటి పత్రిక నాలుగో అధ్యాయం తొమ్మిదో వచనం. అయితే ఆ పత్రిక పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియలలో చెదిరిపోయి ఉన్న విశ్వాసులందరికీ కలిపి రాసింది. ఆ పక్క వచనంలోనే ఎవరికి దొరికిన వరాన్ని బట్టి వాళ్ళు పరిచర్య చేయమని కూడా ఉంది. ఎయిర్‌పోర్టుకి వెళ్ళి నవ్వుతూ తీసుకొచ్చే వరం ఒకరికి, మూడు నెలలు దుప్పట్లు ఉతికే వరం ఇంకొకరికి అని మాత్రం ఎక్కడా రాసిలేదు! ఈసారి ఎవరొచ్చినా మొదటి వారం ఇంటిపని మొత్తం ఆయన్ని చూసుకోమనండి. పొద్దున్నే వాళ్ళని లేపడం, పడకలు, వంట, చెత్త, బాత్రూం ఎవరు ఎప్పుడు అన్న పంచాయితీ, అన్నీ. నలుగురు పడతారా ఇద్దరు పడతారా అన్న లెక్క అప్పుడు ఆయనకే తేలుతుంది, మీరు వాదించక్కర్లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. మిషన్ ఇళ్ళలో ఎక్కువ గొడవలకి మూలం ఒకటే. మూడు నెలలు ఉండడానికి వచ్చినవాళ్ళని మనం మూడు రోజుల చుట్టాల్లా చూస్తాం. వాళ్ళని ఏ పనీ ముట్టుకోనివ్వం, పొద్దెక్కేదాకా పడుకున్నా ఏమీ అనం, నవ్వుతూనే ఉంటాం, లోపల ఉడికిపోతుంటాం. పాపం ఆ పిల్లలకి మన మనసులో ఏముందో తెలిసే దారే లేదు. మనం నవ్వుతున్నాం కాబట్టి అంతా బాగుందనుకుంటారు.

ఈ తలనొప్పి మనతో మొదలైంది కాదు. డిడాకే అని ఆదిమ సంఘం నాటి చిన్న పుస్తకం ఒకటుంది, అపొస్తలుల బోధ అని కూడా అంటారు. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దాని గ్రీకు రాతప్రతి దొరికింది, 1883లో అచ్చయింది. అందులో ఇంటికి వచ్చిపోయే సేవకుల గురించి ఎంత నిక్కచ్చిగా రాశారంటే చదువుతుంటే నవ్వొస్తుంది. ఊరూరా తిరిగి బోధించే అపొస్తలుడు వస్తే ప్రభువునే చేర్చుకున్నట్టు చేర్చుకోమంటుంది, ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండో రోజు కూడా, మూడో రోజు కూడా ఉన్నాడంటే వాడు అబద్ధ ప్రవక్త! వెళ్ళేటప్పుడు డబ్బులడిగినా అంతే. మామూలు ప్రయాణికుడైతే రెండు మూడు రోజులు. అక్కడే ఉండిపోతానంటే మాత్రం చేతిలో పనున్నవాడు పని చేసుకుని తినాలి, పని రానివాడి సంగతి మీరే ఆలోచించి చూసుకోండి, అంతేగానీ క్రైస్తవుడు మీ మధ్య ఊరికే కూర్చోకూడదు అంటుంది. అంటే ప్రేమతో చేర్చుకోవడమూ పని అప్పగించడమూ ఆ కాలం వాళ్ళకి ఒకదానికొకటి అడ్డనిపించలేదు. మూడో రోజు దాటాక వాళ్ళు మీ ఇంటి మనుషులు. ఇంటి మనుషులకి ఇంటి పని ఉంటుంది.

ఇది మాటల్లో తేలిగ్గా ఉంటుంది గానీ చేతల్లో ఎలా ఉంటుందో చెబుతాను. మా ఇంట్లో కొన్నాళ్ళున్న ఒక కుర్రాడికి పందొమ్మిదేళ్ళు, పొడుగ్గా, సిగ్గుగా ఉండేవాడు, ఏమడిగినా ఫైన్ అనేవాడు, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేవాడు కాదు. రాత్రి గిన్నెలు నువ్వు కడుగు, నేను తుడుస్తాను అన్నాను. మొదటి రోజు సబ్బు సగం సీసా వంపేశాడు, సింకు నిండా నురగే. రెండు చేతులూ తడిగా ఉంటే ఫోను పట్టుకోవడం కుదరదు కదా, పైగా పక్కపక్కన నిలబడి గోడకేసి చూస్తూ మాట్లాడ్డం ఎదురెదురుగా కూర్చోవడమంత కష్టం కాదు. కొన్ని రాత్రులకి అతనే మొదలుపెట్టాడు, వాళ్ళమ్మానాన్నా విడిపోతున్నారని, తను బయల్దేరే ముందే ఆ సంగతి తెలిసిందని, మిషన్ వాళ్ళకి చెబితే పంపరేమోనని దాచాడని. సోఫాలో కూర్చోబెట్టి, బాబూ నీకేమైనా బాధ ఉందా అని అడిగుంటే ఆ మాట ఈ జన్మకి బయటికొచ్చేది కాదు.

అందుకే వాళ్ళు రాకముందే ఒక్కొక్కరితో విడిగా వీడియో కాల్ మాట్లాడండి. మిషన్ ఆఫీసు పంపే ఫారంలో అందరూ ఉత్సాహవంతులే, అందరికీ పిల్లలంటే ఇష్టమే. మీరు అడగాల్సినవి వేరు. ఇంటికి దూరంగా ఇంతకుముందు ఎన్నాళ్ళున్నావు, కోపమొస్తే ఏం చేస్తావు, ఏ మందులు వాడుతున్నావు. ఈ మందుల ప్రశ్న మొహమాటపడి వదిలేయకండి. డిప్రెషన్ మాత్రలు వాడుతున్న పిల్లలు కొందరు, దేవుడి పనికి వెళ్తున్నాం కదా ఇక అక్కర్లేదనుకుని ఉన్నపళంగా ఆపేస్తారు, అది ప్రమాదం. ఏడీహెచ్‌డీకి, అంటే ఏకాగ్రత కుదరని సమస్యకి వాడే మందుల్లో కొన్నిటిని కొన్ని దేశాల్లోకి తీసుకెళ్ళనివ్వరు, ఆంఫెటమిన్ ఉన్నవాటిని జపాన్ అసలు రానివ్వదు. మలేరియా రాకుండా వేసుకునే మెఫ్లోక్విన్ అనే మాత్ర కొంతమందిలో దిగులు, భయం, పిచ్చి కలలు తెస్తుంది, 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని పెట్టె మీద గట్టి హెచ్చరిక వేయించింది. కాబట్టి ఎవరైనా హఠాత్తుగా ముడుచుకుపోతే ప్రార్థన చేయండి, దాంతోపాటు ఏం మాత్రలు వేసుకుంటున్నారో కనుక్కుని డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళండి.

తలుపేసుకున్న మీ అమ్మాయి విషయంలో మాత్రం కారణం ఇంకా మామూలుదే అయ్యుండొచ్చు. కాలెర్వో ఓబెర్గ్ అని ఒక మానవశాస్త్రవేత్త కల్చర్ షాక్ గురించి, అంటే కొత్త దేశంలో అలవాట్లు వేరై మనసు తికమకపడడం గురించి 1954లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు, అది 1960లో మిషనరీలు ఎక్కువగా చదివే ఒక పత్రికలో అచ్చయింది. ఆయన చెప్పిన వరస ప్రకారం మొదట్లో అన్నీ అద్భుతంగా కనిపిస్తాయి, కొన్ని వారాలకి అన్నిటి మీదా కోపమొస్తుంది, నీళ్ళ మీద, వాసనల మీద, చుట్టూ ఉన్న మనుషుల మీద, ఆ తర్వాత మెల్లగా కుదురుకుంటారు. అందరికీ అచ్చం ఇలాగే జరగాలని లేదు గానీ, నెల తిరగక ముందు తలుపేసుకోవడం అంటే ఆ రెండో మెట్టు మీద ఉండి ఉంటుంది. అప్పుడు మీరు ఆతిథ్యం ఇంకా పెంచితే లాభం లేదు. ఆ టైంలో పనికొచ్చేవి వేళకి నిద్ర, రోజూ ఒకే టైముకి ఒక పని, కాస్త నడక, తన భాషలో మాట్లాడే మనిషి ఒకరు. ఇంటికి ఫోను రోజుకి పదిసార్లు కాకుండా వారానికి రెండుసార్లు పెట్టుకోమనండి. రోజంతా వీడియో కాల్‌లో ఉన్న పిల్ల మనసు ఇక్కడికి రానేరాదు. ఇంకోటి, అది మీ మీద కోపం కాదు. ఆ కోపానికి దగ్గర్లో మీరు దొరికారంతే.

ఏం పని ఇవ్వాలి అన్నది మీరు అడగలేదు, కానీ సగం చిక్కు అక్కడే ఉంది. ఇలా పాతికేళ్ళు నిండని పిల్లలు కొద్ది నెలలకి సేవకి వెళ్ళడం ఈమధ్య పుట్టిన పద్ధతి, లోరెన్ కన్నింగ్‌హామ్ 1960లో యూత్ విత్ ఎ మిషన్ అనే సంస్థ మొదలుపెట్టాక, ఇంకా అలాంటి సంస్థలు మరికొన్ని వచ్చాక బాగా పెరిగింది. అంతకుముందు మిషనరీగా వెళ్ళడమంటే భాష నేర్చుకుని ఏళ్ళతరబడి ఉండడానికే. భాష రాని పందొమ్మిదేళ్ళ పిల్లని వచ్చిన మూడో రోజే మైకు ముందు నిలబెట్టి అనువాదకుణ్ణి పక్కన పెట్టడం ఆ పిల్లకీ అన్యాయమే, వినేవాళ్ళకీ అన్యాయమే. అలాగే మీ చుట్టుపక్కల పెయింటరుకి కూలి వచ్చే పనిని వాలంటీర్లతో ఉచితంగా చేయించకండి. ఎవరికీ చేయబుద్ధికాని పనులే వాళ్ళకి బాగా పనికొస్తాయి. కుప్పపడి ఉన్న లెక్కల కాగితాలు కంప్యూటర్లో ఎక్కించడం, స్టోర్ రూం ఖాళీ చేయడం, పాత ఫోటోలకి పేర్లు పెట్టడం, వాళ్ళకి నిజంగా వచ్చిన విద్య ఏదైనా ఉంటే, గిటారో వెల్డింగో, అది నేర్పడం. నాకు తెలిసి ఇలాంటి పనులు చేసి వెళ్ళినవాళ్ళే ఏళ్ళ తర్వాత కూడా సంతోషంగా చెప్పుకుంటారు.

పిల్లల హాస్టలు, అనాథాశ్రమం లాంటివి మీ మిషన్‌కి ఉంటే అక్కడికి మాత్రం ఈ మూణ్ణెల్ల వాళ్ళని ఆయాలుగా పంపకండి. ఎత్తుకుని ముద్దుచేసే కొత్త మనిషి ప్రతి మూడు నెలలకీ వచ్చి మాయమైపోతుంటే ఆ పిల్లలకి ఎవరినీ నమ్మడం రాదు. అసలు ఆశ్రమాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, వాలంటీర్లూ వాళ్ళ డబ్బులూ వస్తున్నాయని పిల్లల్ని పోగుచేసే చోట్లు కూడా ఉన్నాయి. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చేటప్పుడు ఈ సంగతి వాళ్ళ పార్లమెంటులో కూడా చర్చకొచ్చింది.

ఇప్పుడు మీ పాప. మీ ఉత్తరంలో అన్నిటికంటే నాకు పట్టింపుగా అనిపించింది ఆ ఒక్క వాక్యమే. రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికా సామాజికవేత్త 1950లలో విదేశాల్లో పనిచేసే కుటుంబాల మీద పరిశోధన చేస్తూ అలాంటి ఇళ్ళ పిల్లలకి థర్డ్ కల్చర్ కిడ్స్ అని పేరు పెట్టారు. ఆ పిల్లల మీద తర్వాత పనిచేసినవాళ్ళు తరచూ చెప్పేది వీడ్కోళ్ళ గురించే. మనం వెళ్ళడమే కాదు, మన ఇంటికొచ్చినవాళ్ళు వెళ్ళిపోతూ ఉండడం కూడా వాళ్ళకి నష్టమే, ఎవరూ చనిపోలేదు కాబట్టి ఎవరూ ఏడవనివ్వరు. పాపకి వాళ్ళు రాకముందే ఎప్పుడొస్తారో ఎప్పుడెళ్తారో క్యాలెండర్ మీద చూపించండి. వెళ్ళేముందు రోజు సాయంత్రం ఆమెకంటూ కాస్త టైం ఇవ్వండి, తెల్లవారుజామున పిల్లలు పడుకునుండగా ట్యాక్సీ ఎక్కించేసే పద్ధతి మానేయండి. పాప గది ఎవరికీ ఇవ్వకండి. బైబిల్లో షూనేము ఊరి ఘనురాలు కూడా ప్రవక్త ఎలీషాకి మేడమీద వేరే గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపం పెట్టించింది, ఇంట్లోవాళ్ళ మంచాలు లాగి ఇవ్వలేదు. (అది కూడా భర్తతో మాట్లాడుకుని చేసింది, మీవారికి ఈ వచనం కూడా చూపించండి.) వేరే గది లేకపోతే మీ ఇంట్లో ఇద్దరే పడతారు, నలుగురు పట్టరు, అది విశ్వాసం తక్కువై కాదు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి, చేదుగా ఉన్నా. వచ్చినవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా మీ పిల్లలతో గానీ సంఘం పిల్లలతో గానీ ఒంటరిగా తలుపేసి ఉన్న గదిలో ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, లేదా తలుపు తీసి ఉండాలి. పోలీస్ క్లియరెన్స్ లేకుండా ఎవరినీ పంపొద్దని మిషన్‌కి రాతలో చెప్పండి. అనుమానించినట్టు ఉంటుందేమో అని మొహమాటపడతారు చాలామంది. అందరికీ ఒకే రూలు పెడితే ఎవరినీ అనుమానించినట్టు కాదు, మంచివాడి మీద రేపు లేనిపోని మాట రాకుండా కాపాడేది కూడా ఆ రూలే.

ఫోను సంగతి. ఆ అబ్బాయి మంచి మనసుతోనే ఇచ్చుంటాడు. అతను విమానమెక్కాడు, మిగతా కుర్రాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సింది మీరు. అందుకే మొదటి రోజే చెప్పేయండి, ఎవరికీ విడిగా డబ్బు గానీ వస్తువు గానీ ఇవ్వకూడదు, ఇవ్వాలనిపిస్తే వెళ్ళాక మిషన్ ద్వారా పంపొచ్చు. వెళ్ళాక ఆ ఉబలాటం చాలామందికి చల్లారిపోతుంది, అది వేరే విషయం. ఇప్పుడున్న గొడవకి మీవారు సంఘంలో ఒకసారి అందరి ముందూ చెప్పేస్తే మంచిది, ఇది మాకు తెలియకుండా జరిగింది, ఇకమీదట ఇలా ఉండదు అని. ఇచ్చిన ఫోను వెనక్కి తీసుకోకండి. ఫోటోలకి కూడా ఇదే పద్ధతి. పిల్లల మొహాలు నెట్‌లో పెట్టకూడదు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళ పేర్లూ ఊళ్ళూ అసలు పెట్టకూడదు. ఒక్క పోస్టుతో ప్రమాదంలో పడే మనుషులుండే చోట్లు చాలా ఉన్నాయి. వీసా విషయం కూడా మీరే స్వయంగా చూసుకోండి, చాలా దేశాల్లో టూరిస్టు వీసా మీద వచ్చి సేవ చేయడం కుదరదు, పట్టుబడితే వాళ్ళని ఇంటికి పంపేస్తారు, మీరు అక్కడే ఇరుక్కుంటారు.

మిషన్ వాళ్ళ దగ్గర కాగితం మీద రాయించుకోవాల్సింది ఇంకా ఉంది. ఖర్చు ఎవరిది, నెలకి ఎంత, ముందే ఇస్తారా తర్వాతా, ఇన్సూరెన్స్ ఉందా, అర్ధరాత్రి ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి. వారంలో ఒక రోజు వాలంటీర్లకి వేరే ఏర్పాటు ఉండాలి, ఆ రోజు మీ భోజనాల బల్ల మీ నలుగురిదే. ఒక బ్యాచ్ వెళ్ళాక ఇంకో బ్యాచ్‌కి కనీసం మూడు నాలుగు నెలలు ఎడం. డబ్బు సంగతి అడగడం సేవకులకి తగదని ఎవరైనా అంటే, మీ పిల్లల చదువు డబ్బుతో ఇంకొకరి పిల్లల్ని పోషిస్తున్నారని వాళ్ళకి చెప్పండి.

ఎవరినైనా మధ్యలో వెనక్కి పంపాల్సి వస్తే ఎలా అని మీరు రాయలేదు గానీ ఆ భయం మీ వాక్యాల మధ్య కనబడుతోంది. ఎప్పుడు పంపేస్తారో కూడా ముందే రాసుకోండి, ఎవరు చెబుతారో కూడా. అది మీ పని కాదు, మిషన్ పని. బైబిల్లో మార్కు అనబడిన యోహాను పెర్గేలోనే పౌలు బృందాన్ని వదిలేసి యెరూషలేముకి తిరిగి వెళ్ళిపోయాడు, రెండోసారి అతన్ని తీసుకెళ్ళాలా వద్దా అన్న దగ్గర పౌలుకీ అతని తోటి సేవకుడు బర్నబాకీ ఎంత తగువైందంటే ఇద్దరూ విడిపోయారు. అదే పౌలు చివరి రోజుల్లో తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు పనికొస్తాడు అన్నాడు. మధ్యలో ఏళ్ళు గడిచాయి, మార్కును వదిలేయకుండా తన వెంట తీసుకెళ్ళిన బర్నబా ఉన్నాడు. వెనక్కి వెళ్ళిన పిల్లకి మీరే బర్నబా కావాలని లేదు. వాళ్ళ సొంత సంఘంలో ఒకరు ఎయిర్‌పోర్టుకి ఎదురొచ్చి ఆ పిల్లని తీసుకెళ్ళేలా చూడమని అడగండి, చాలు.

మిషన్‌కి రాసే ఉత్తరం పొడుగ్గా వద్దు. "జూన్‌లో మేం ఎవరినీ తీసుకోలేం. ఇంటికి, పిల్లలకి విశ్రాంతి అవసరం. డిసెంబరు తర్వాత ఇద్దరికి చోటు ఇవ్వగలం, దానికి ముందు ఈ విషయాలు మాట్లాడుకోవాలి" అని రాసి, పైన చెప్పినవి జతచేయండి. క్షమించండి అని మూడుసార్లు రాయకండి. ఇద్దరి పేర్లూ కింద ఉండాలి, మీదొక్కటే ఉంటే భార్యకి ఇష్టం లేదట అన్న మాట మొదలవుతుంది.

ఇక మళ్ళీ వస్తానంటున్న ఆ బంగారం లాంటి అమ్మాయి. రానివ్వండి. మిషన్ బ్యాచ్‌తో కాకుండా తనే టిక్కెట్టు కొనుక్కుని, పిల్లల సెలవుల్లో, రెండు వారాలకి. ముందు మాత్రం మీ పాపని అడగండి. పాప వద్దంటే ఈ ఏడాదికి వద్దని ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పండి, ఆ పిల్ల అర్థం చేసుకునే రకంలాగే ఉంది.